బాలయేసు వెనక కత్తెర

కత్తెర బాలయేసు బొమ్మ వెనక దొరికింది.

పెర్లా దానికోసం వెతకలేదు. దుమ్ము దులుపుతోంది. పాన్సిత్ నూడుల్స్ కొట్టు తలుపులు బార్లా తెరిచి కూర్చున్నా ఒక్క మనిషి గుమ్మం తొక్కని రోజున, కిందా మీదా తుడవటం తప్ప చెయ్యటానికి ఏముంటుంది? మేడమీద అత్తగారి గదిలో, పూజ అరలో, బొమ్మకి తొడిగిన ఎర్ర అంగీని పక్కకి జరిపింది. పిండిసంచీ గుడ్డలో చుట్టిన మూట చేతికి తగిలింది. విప్పింది.

విప్పి మంచం అంచున కూలబడింది.

ఇంకో ఇంట్లో కత్తెర దొరికితే ఎవరూ పట్టించుకోరు. ఈ ఇంట్లోకి కత్తెర రాదు. బొత్తాం కుట్టుకున్నా దారం పళ్లతో తెంపాలి. అది అత్తగారి చట్టం. నూడుల్స్ అంటే ఆయుష్షు. పుట్టినరోజు పాన్సిత్‌లో పోగు ఎంత పొడుగుంటే బతుకు అంత పొడుగు. దాన్ని తెంపినవాడు ఆ మనిషి ఆయుష్షు తెంపినట్టే. చీనావాళ్ల పొయ్యి దగ్గర్నుంచి వచ్చిన ఈ మాట మలబోన్ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

కత్తెర అంచులకి జాఫ్రా రంగు ఎండిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. రొయ్యల రసం వాసన. వాళ్ల కొట్టు రసమే. ఈ వాసన ఇంకో ఇంట్లో పుట్టదు.

అంటే తెగింది ఇక్కడే.

ఆమెకి ముందు గుర్తొచ్చింది బెబాంగ్ మొహం. పక్క వీధి గోర్యో పుట్టినరోజుకి ఈ కొట్టు నుంచే వెదురు తట్టనిండా పాన్సిత్ వెళ్లింది. వడ్డించబోతే అడుగున ముక్కలు ముక్కలు. మర్నాడు తెల్లారేసరికి ఆ ముసలాయన పోయాడు. కూతురు నార్మా తట్ట పట్టుకొచ్చి కొట్టు గుమ్మంలో బోర్లించింది. మా నాన్నని చంపింది మీ పాన్సిత్ అంది. పొద్దుటి ఫలహారం వేళ, బల్లలన్నీ జనం. పెర్లా మొగుడు రొడెల్ రెప్పపాటు కూడా ఆలోచించలేదు. నూడుల్స్ కడిగి తట్టలు సర్దే బెబాంగ్ జబ్బ పట్టుకుని, తింటున్నవాళ్ల మధ్యనుంచి బయటికి ఈడ్చాడు.

గుమ్మంలో నిలబడి ఉన్నది పెర్లా. బెబాంగ్ ఆమె మొహంలోకి చూసింది.

పెర్లా పక్కకి జరిగింది. దారి ఇచ్చింది.

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క అడుగు జరిగింది.

ఇప్పుడు ఆ కత్తెర చేతిలో ఉంది. బెబాంగ్ ఏనాడూ ఈ మేడ మెట్లెక్కలేదు. ఎవరూ ఎక్కనివ్వలేదు.

*

కింద రొడెల్ ఖాళీ బల్లల మధ్య కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. పక్క వీధిలో గోర్యో శవం దగ్గర జాగారం ఇంకా నడుస్తూనే ఉంది. ఈ ఊళ్లో చావింటికి వెళ్లినవాడు తిన్నగా తన ఇంటికి పోడు. పోతే చావు వెంట వస్తుంది. దారిలో ఎక్కడో ఆగి, ఏదో ఒకటి తిని, దాన్ని అక్కడే దులుపుకుని పోవాలి. ఆ 'ఎక్కడో' అనేది రొడెల్ తండ్రి బతికున్న కాలం నుంచీ ఈ కొట్టే. వీధిలో ఎవరు పోయినా సరే, శవం లేచేదాకా ఇక్కడ గరిటె ఆగేది కాదు.

ఈసారి జనం ఆ వీధిలోంచి వస్తున్నారు. కొట్టు ముందునుంచే నడుస్తున్నారు. తల తిప్పకుండా పోతున్నారు.

అంతా ఆ మహాతల్లి బెబాంగ్ చేతి చలవ అన్నాడు రొడెల్, పెళ్లాం అడుగుల చప్పుడు విని. కొట్టు పెట్టిన నాటినుంచీ ఉన్న పేరు ఒక్క తట్టతో పోయిందన్నాడు. ఊరికే పంపెయ్యటం తప్పు, పోలీసులకి అప్పజెప్పాల్సిందన్నాడు.

పెర్లా కత్తెర తెచ్చి అతని ముందు పెట్టింది.

రొడెల్ తేలుని చూసినట్టు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఎక్కడిదిది?"

"బాలయేసు వెనక."

"అక్కడ దాచిందా? ఎంత గుండె దానికి. దేవుడి వెనక దాచిందా?"

"బెబాంగ్ మేడెక్కదు, రొడెల్."

రొడెల్ వేళ్లు మడిచి చూసుకున్నాడు. లెక్క అతనికి అందుతోంది, కానీ అందుకోవటం ఇష్టం లేదు. మేడెక్కేవాళ్లు ముగ్గురే. ఇద్దరు ఈ బల్ల దగ్గర ఉన్నారు.

మూడో మనిషి పొయ్యి పక్కన బాతుగుడ్లు వొలుస్తోంది. పాన్సిత్ అమ్ముడుపోని రోజున గుడ్లెందుకు వొలుస్తోందో ఆమెనే అడగాలి. పేరు సాలింగ్. కొడుకూ కోడలే కాదు, వీధిలో సగం మంది ఆమెని నానయ్ అనే పిలుస్తారు, కన్నతల్లిని పిలిచినట్టు. తల ఎత్తలేదు.

"నాదే," అంది.

కొట్టులో ఫ్యాను తిరుగుతోంది. బయట కాలవలోకి పోటు నీళ్లు ఎక్కుతున్న చప్పుడు గుడగుడమని వినిపిస్తోంది.

రొడెల్ నవ్వాడు. నవ్వుకి మొహం సహకరించలేదు. "ఎండదెబ్బ తగిలిందా నానయ్?"

"నేనే కత్తిరించాను. మేడమీద, తలుపేసుకుని." ఇంకో గుడ్డు చేతిలోకి తీసుకుంది. "గోర్యో అడిగాడు."

గుడ్లు వొలుస్తూనే చెప్పింది, ఎవరిదో కథ చెప్పినట్టు. పక్షవాతం కొట్టిన దగ్గర్నుంచీ గోర్యోకి కుడివైపు లేదు, ముద్ద సరిగా గొంతు దిగదు. డాక్టరు జావ పట్టమన్నాడు. పొద్దునా జావే, రాత్రీ జావే. నానయ్ రోజూ చేపల రేవుకి వెళ్లే దారి వాళ్ల పెరటి కిటికీ కిందనుంచే. ఒకరోజు ఆ కిటికీలోంచి పిలిచాడు. ఈ కొట్టులో మొదటి పళ్లెం తిన్న మనిషి అతను. పెళ్లిపాన్సిత్ ఇక్కడిదే, పిల్లల బాప్తిస్మాల పాన్సిత్ ఇక్కడిదే. సగం నోటితో, మాట ముద్దకడుతూ, రెండేసిసార్లు చెప్పి అడిగాడు.

"పుట్టినరోజుకి నీ పాన్సిత్ తెప్పిస్తారు సాలింగ్. అందరూ నా ఎదురుగా కూర్చుని జుర్రుకుంటారు. నేను జావ తాగుతూ చూడాలి. పొడుగు పోగు నాకు దిగదు. కొంచెం, ఒక్క పిడికెడు, కత్తిరించి పంపవా?"

నానయ్ కుదరదంది. పుట్టినరోజు నూడుల్స్ తెంపితే ఏమవుతుందో నీకు తెలీదా అంది. అతను సగం మొహంతో నవ్వాడట.

"మిగిలిందెంతని దాచుకోను? ఆ మిగిలింది కూడా జావతోనే వెళ్లదీయమంటావా?"

అందుకే కత్తిరించింది. పైన పొడుగు నూడుల్స్ పరిచి, తట్టలో ఒకవైపు అడుగున చిన్న కుప్ప పెట్టింది. గుర్తుకి ఆ వైపు నిమ్మచెక్కలు కోసిన మొహం పైకి ఉంచింది, మిగతావన్నీ బోర్లా. గోర్యోకి ముందే చెప్పింది, అటువైపు పెట్టించుకో అని.

అక్కడ పుట్టినరోజు సందడిలో ఎవరో నిమ్మచెక్కలన్నీ ఏరి వేరే గిన్నెలో వేశారట. తట్ట ఇటుది అటు తిరిగి ఉంటుంది. మొదటి గరిటె పడాల్సిన చోట పడలేదు.

గుండ్రటి తట్టకి ఈ వైపు ఆ వైపు ఎక్కడుంటుంది, అనుకుంది పెర్లా.

"ఎట్లాగైతేనేం, ఒక్క ముద్దైనా తినే ఉంటాడు," అంది నానయ్. "తినే పోయాడు. నాకదే చాలు."

"అకోంగ్ చట్టం అన్నావు," రొడెల్ గొంతు లేచింది. అకోంగ్ అంటే నానయ్ చిన్నప్పుడు గిన్నెలు కడిగిన చీనా కొట్టు ముసలాయన. పాన్సిత్ ఆమెకి నేర్పింది ఆయనే. "చిన్నప్పుడు నేను నూడుల్ తెంపితే చెయ్యి వాచేలా కొట్టావు. అకోంగ్ ఏమంటాడు అన్నావు. ఇప్పుడేమంటాడు?"

"అకోంగ్ తల్లికి పళ్లు లేవు. ఆమె పుట్టినరోజున ఆయన వెనక గదిలో కూర్చుని కత్తిరిస్తుంటే చూశాను. నన్ను చూశాడు. తలుపు మూసెయ్ అన్నాడు. అంతే."

పెర్లా అడగాల్సింది వేరే ఉంది.

"మరి బెబాంగ్‌ని ఈడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావేం నానయ్?"

నానయ్ చేతిలో గుడ్డు నలిగింది. పచ్చసొన వేళ్లకి మెత్తుకుంది. నానయ్ తుడుచుకోలేదు.

"భయమేసింది," అంది. "నార్మా నావైపే చూస్తోంది. ఇంతలో వీడు బెబాంగ్ జబ్బ పట్టుకున్నాడు. నామీదనుంచి చూపు మళ్లింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య ఇప్పటిదాకా నా గొంతులోనే అడ్డం పడి ఉంది."

రొడెల్ లేచి వీధి తలుపు మూశాడు. గడియ పెట్టాడు. గొంతు తగ్గించి, చాలా నిదానంగా, మంచి మనిషిలాగా మాట్లాడాడు.

"ఇది ఈ గది దాటకూడదు. ఊరు బెబాంగ్ అనుకుంటోంది. అనుకోనీ. దానికి పోయేదేముంది? ఇంకో కొట్లో గిన్నెలు తోముకుంటుంది. మనకైతే బోర్డు మీద పేరు పోతుంది."

విన్నారుగా. పేరు అనేది బోర్డు మీద రాసుకున్నవాడికే ఉంటుంది. గిన్నెలు తోమేదానికి పేరెందుకు, కడిగేస్తే పోతుంది. ఇట్లాంటి మాట తలుపు గడియపెట్టి అనని ఇల్లు ఈ వీధిలో ఉంటే చూపించండి.

నానయ్ చెయ్యి కడుక్కుంది. వంట గుడ్డ విప్పి కొక్కేనికి తగిలించింది. చావింటికి పోతానంది.

"అక్కడ నోరు విప్పావంటే కొట్టు మూసుకోవాలి," అన్నాడు రొడెల్.

"విప్పటానికే పోతున్నా."

తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. నువ్వైనా చెప్పవే అని పెర్లా వైపు చూశాడు. పెర్లా గొడుగు తీసుకుంది.

నానయ్ ఆగలేదు, తిన్నగా నడిచింది. రొడెల్ జరిగాడు.

*

గోర్యో వీధిలో పోటు నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి. గుమ్మం దాకా చెక్కలు పరిచారు. ముందుగదిలో శవపేటిక, దాని చుట్టూ దీపాలు, పూలు. బయట పందిరి కింద పేకాట బల్లలు, కాఫీ, పళ్లెంలో పప్పు పూర్ణం పెట్టిన హోప్యా బిళ్లలు. అందరి చేతుల్లో పుచ్చగింజలు. పళ్లమధ్య టిక్కుటిక్కుమని చిట్లుతున్నాయి. జాగారం అంటే ఈ ఊళ్లో ఆ చప్పుడే.

ఇద్దరూ చెక్కలమీద నడిచి వస్తుంటే ఆ చప్పుడు ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగిపోయింది.

నార్మా పేటిక దగ్గర్నుంచి లేచింది. ఏ మొహం పెట్టుకుని వచ్చారన్నట్టు చూసింది. గోర్యో భార్య పసీటా చెయ్యి ఊపి ఆపింది. రానివ్వమంది.

నానయ్ పేటిక వైపు చూడలేదు. వెళ్లి పసీటా పక్కన నేలమీదే కూర్చుంది.

"నేనే కత్తిరించాను పసీటా. ఆయనే అడిగాడు. బెబాంగ్‌కి ఇందులో ఏ పాపం తెలీదు."

కేకలు లేస్తాయనుకుంది పెర్లా. జుట్టు పట్టుకుంటారనుకుంది. గొడుగు పిడి బిగించి పట్టుకుంది.

ఎవరూ కేకెయ్యలేదు. పసీటా నానయ్ వైపు వంగింది. ఆయన అడిగాడా, అంది. పెరటి కిటికీ దగ్గర, అంది నానయ్. పొడుగు పోగు గొంతు దిగటం లేదని, ఒక్క పిడికెడు కత్తిరించమన్నాడని చెప్పింది.

పసీటా కూతురి వైపు తిరిగింది.

"నార్మా. మీ నాన్న ఆ తట్ట చూసి బల్ల బాదలేదూ?"

నార్మా గోడవైపు జరిగింది.

"మంచి చెయ్యి ఎత్తి బాదాడు. తట్టని చూపించాడు. ఏదో అన్నాడు, నీకూ నాకూ అర్థం కాలేదు."

"భయపడ్డాడనుకున్నాను," అంది నార్మా. ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చినట్టు లేదు. "తెగిన నూడుల్స్ చూసి భయపడ్డాడనుకున్నాను. అందుకే తట్ట తీసేశాను. ఆయన కంటపడకుండా వంటింట్లోకి పట్టుకుపోయాను."

నానయ్ మోకాళ్లమీద ముందుకి జరిగింది. "తర్వాత?"

"తర్వాత జావ పట్టాను."

"తాగాడా?"

"మొహం తిప్పేసుకున్నాడు."

"ఒక్క ముద్ద కూడా..."

"లేదు," అంది పసీటా. "ఒక్క ముద్ద కూడా తినలేదు సాలింగ్."

అప్పుడు నానయ్ మొదటిసారి పేటిక వైపు చూసింది.

అద్దం కింద గోర్యోకి తెల్ల చొక్కా వేశారు, జుట్టు దువ్వారు. పక్షవాతం కొట్టిన వైపు నోటిని ఎవరో సరిచేసి మూశారు. నానయ్ ఆ నోటినే చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది పెర్లాకి.

నార్మా గోడకి చేరగిలబడి కిందికి జారింది. మా నాన్నని మీరు చంపారని ఊరంతా అరిచిన మనిషి, ఇప్పుడు తన అరచేతులు తనే తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఆ చేతులే కదా తట్ట తీసింది.

పందిరి కింద పేక ముక్కలు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉన్నారు. ఎవరూ ముక్క వెయ్యలేదు.

చావింటివాళ్లు వచ్చినవాళ్లని సాగనంపరు. అది మంచిది కాదు. పెర్లా అత్తగారి రెక్క పట్టుకుని లేపింది. ఇద్దరూ వాళ్లంతట వాళ్లే చెక్కలమీదుగా బయటికి వచ్చారు. ఎవరో నెట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

*

"బెబాంగ్ ఇంటికి పద," అంది నానయ్.

పెర్లా ఆగిపోయింది. చావింటి నుంచి తిన్నగా ఒకరింటికా? ముందెక్కడైనా ఆగాలి నానయ్, అంది. దానికి మనం పెట్టిన నష్టం చాలదా, ఈ చావుని కూడా మోసుకెళ్లి దాని గుమ్మంలో దులుపుతామా?

"ఎక్కడాగుదాం? చెప్పు."

ఊళ్లో అందరూ ఆగే చోటు వాళ్ల కొట్టు. వాళ్లకి అది ఇల్లు. ఇన్నేళ్లలో వాళ్లు ఆగాల్సిన చోటు వాళ్లెప్పుడూ వెతుక్కోలేదు.

నానయ్ నీళ్లలో నడుస్తూనే ఉంది. చేపల రేవు మలుపు తిరిగారు. వాసన తగిలింది.

వేగిన వెల్లుల్లి, రొయ్యల రసం, జాఫ్రా. తమ వాసన. ఈ వాసన ఇంకో ఇంట్లో పుట్టదని పొద్దుటే కదా అనుకుంది. రొడెల్ పొయ్యి వెలిగించాడేమో అనుకుంది, కానీ గాలి కొట్టువైపు నుంచి రావటం లేదు. కాలవగట్టు సందులోంచి వస్తోంది.

బెబాంగ్ ఇంటి ముందు సిమెంటు దిమ్మలమీద బాణలి పెట్టి ఉంది. పక్కన రెండు చెక్కబల్లలు. బల్లలనిండా జనం. కొట్టు ముందునుంచి తల తిప్పకుండా పోయినవాళ్లంతా ఇక్కడున్నారు. అరిటాకు ముక్క పరిచిన పళ్లేల్లో లావుపాటి తెల్ల నూడుల్స్, మీద నారింజరంగు రసం, పొగచేప పొడి, వేయించిన పందిచర్మం తునకలు, గుడ్డు. వలలల్లే ముసలాయన ఒకడు బుల్లి నిమ్మకాయలు ఒకదాని తర్వాత ఒకటి పిండుకుంటూనే ఉన్నాడు. పొగచేప నీకెక్కువ పడిందంటే నీకెక్కువ పడిందని ఇద్దరాడవాళ్లు పళ్లేలు పక్కపక్కన పెట్టి కొలుచుకుంటున్నారు. ఒక చిన్నపిల్ల బల్లమీద నిలబడి ఒకే పోగుని పైకి జుర్రుతోంది. అది ఎంతకీ అయిపోవటం లేదు. తెంపకే, తెంపకే అని వాళ్ల నాయనమ్మ కిందనుంచి చెయ్యి పట్టింది. అందరి పెదాలూ నారింజ రంగులో మెరుస్తున్నాయి.

వీళ్లిద్దర్నీ చూశారు. చేతిలో ఫోర్కులు చేతిలోనే ఆగాయి.

బెబాంగ్ గరిటె పట్టుకుని నిటారుగా నిలబడింది.

"చావింటి నుంచేనా?"

అవునన్నట్టు తల ఊపింది పెర్లా.

"అయితే సరైన చోటికే వచ్చారు. ఇల్లు ఆ తలుపు అవతల. ఇవతల కొట్టు. కూర్చోండి."

బల్ల చివర ఇద్దరికి చోటు చేశారు. నానయ్ లోపలివైపు కూర్చుంది. పెర్లా చివర, బాణలికి అడ్డంగా కూర్చుంది. బెబాంగ్ పళ్లేలు తెచ్చి పెట్టింది, అందరికీ పెట్టినట్టే, ఒక తునక ఎక్కువా లేదు, తక్కువా లేదు.

నానయ్ ముట్టుకోలేదు. నేనే అని వాళ్లకి చెప్పేశాను బెబాంగ్, అంది.

"నాకెప్పుడో తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నూడుల్స్ కడిగేది నేను. ఒక గిన్నెడు నూడుల్స్ మేడమీదికి పోయి పొట్టివై దిగితే నాకు తెలీదా నానయ్? మీరు ఊరికే కత్తిరించరు. ఏదో ఉంటుందిలే అనుకున్నా."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదే?" అంది పెర్లా.

బెబాంగ్ ఆమె వైపు తిరిగింది. అక్క వరస పెట్టి ఎప్పుడూ ఆతే అనే పిలిచేది. ఇప్పుడూ అలాగే పిలిచింది.

"నానయ్ మొహంలోకి చూశా. తర్వాత నీ మొహంలోకి చూశా ఆతే. ఒకళ్లు చెబుతారు, ఒకళ్లు అడ్డం వస్తారు అనుకున్నా."

పెర్లా తల దించుకుంది. ఊరంతా నువ్వే అనుకుంటుంటే ఎట్లా భరించావని గొణిగింది.

వలలల్లే ముసలాయన ఫోర్కు పళ్లెంలో పెట్టాడు.

"ఏ ఊరు? ఆ వంటింట్లో గరిటె ఎవరి చేతిలో ఉంటుందో ఈ వీధికి తెలీదా? నానయ్ చెప్పందే ఇది ఉప్పు కూడా వెయ్యదు. కత్తెర పడుతుందా?"

పెర్లాకి తలమీద ఎవరో మొత్తినట్టయింది. ఊరు నమ్మలేదు. ఒక్కరూ నమ్మలేదు. తలుపు గడియ పెట్టి దాచుకున్న మాట వీధిలో అందరికీ ముందే తెలుసు.

"మరి మా కొట్టుకి రావటం మానేశారే? తెగిన నూడుల్స్ అని కాదూ?"

పొగచేప కోసం దెబ్బలాడుతున్న ఆడవాళ్లలో ఒకామె అందుకుంది. ఆమె బట్టలు ఉతికే మనిషి. చేతులు సున్నం తిన్నట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఆ పొద్దున నేను మీ బల్ల దగ్గరే తింటున్నా. మీ ఆయన దీన్ని ఈడుస్తున్నాడు. నేనూ ఒకరింట్లో చేస్తున్నా కదమ్మా. రేపు వాళ్ల చొక్కా పోతే నా జబ్బా ఇట్లాగే పట్టుకుంటారు కదా అనిపించింది. నోట్లో ముద్ద దిగలేదు. మళ్లీ అక్కడ కూర్చుంటే దిగదు."

అనాల్సింది ఆమె అనేసింది.

రేపట్నుంచి వచ్చెయ్ బెబాంగ్, అంది నానయ్ మెల్లగా.

"నలుగురిలో గెంటి, సందులో పిలుస్తారా?" బెబాంగ్ బాణలి అంచుమీద గరిటె టకటకా కొట్టింది. "గెంటిన చెయ్యే పిలవాలి. ఆ గుమ్మంలోనే, జనం తింటుండగా. అప్పుడు ఆలోచిస్తా. వస్తానని కాదు. ఆలోచిస్తా."

నానయ్ తల ఊపింది. న్యాయమే అన్నట్టు ఊపింది. తర్వాత తన ముందున్న పళ్లెం రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"నీ దగ్గర కత్తెరుందా?"

బల్లమీద అందరూ తలలెత్తారు.

"గోర్యో తినలేదట," అంది నానయ్. "ఒక్క ముద్ద కూడా నోట పడలేదట. ఇది పేటిక దగ్గర పెట్టి వస్తాను. నాకు చేతులు వణుకుతున్నాయి. నువ్వే కత్తిరించు."

బెబాంగ్ కదల్లేదు. కత్తెర నా చేతికా, మళ్లీనా, అని ఆమె మొహమే అడుగుతోంది. కానీ నానయ్ పళ్లెం దించలేదు. బెబాంగ్ ఇంట్లోకి వెళ్లి కుట్టుసామాను డబ్బాలోంచి కత్తెర తెచ్చింది. గుడ్డతో తుడిచింది.

చిన్నపిల్లని నాయనమ్మ దగ్గరికి లాక్కుని కళ్లు మూసింది. ఒకాయన ఛాతీమీద శిలువ గీసుకున్నాడు. మలబోన్‌లో పట్టపగలు, జనం చూస్తుండగా, పాన్సిత్ మీద కత్తెర పడటం ఎవరూ ఎరగరు. మొదటి పోగు తెగినప్పుడు పెర్లా వీపుమీద జలదరించింది. బెబాంగ్ మాత్రం చిన్నబిడ్డ గోళ్లు తీసినంత జాగ్రత్తగా కత్తిరిస్తోంది.

సందు మొదట్లో ట్రైసికిల్ రిక్షా ఆగింది. నీళ్లు తన్నుకుంటూ రొడెల్ వచ్చాడు.

తల్లి పళ్లెం పట్టుకుని ఉంది. బెబాంగ్ చేతిలో కత్తెర ఆడుతోంది. చుట్టూ ఊళ్లో సగం మంది ఉన్నారు. రొడెల్ ఇదంతా ఒక్కసారి చూశాడు. అతని మొహంలో ఏదో వెలగటం పెర్లా చూసింది. అదేమిటో ఆమెకి అర్థమయ్యేలోపే అతని గొంతు లేచింది.

"చూశారా? అందరూ చూశారా? కత్తెర ఎవరి చేతిలో ఉందో మీ కళ్లతో మీరే చూడండి."

కత్తిరించిందెవరో పొద్దుటే అతనికి తెలుసు. కన్నతల్లి నోటితో విన్నాడు. తెలిసే అంటున్నాడు.

నానయ్ చేతిలో పళ్లెం ఒరిగింది. రసం మోకాళ్లమీద పడింది. బెబాంగ్ కత్తెర దించలేదు, దాచనూ లేదు.

రొడెల్ బల్ల దాకా వచ్చేశాడు. బెబాంగ్ జబ్బకోసం చెయ్యి చాపాడు. మధ్యలో బల్ల చివర పెళ్లాం కూర్చుని ఉంది.

"జరుగు పెర్లా," అన్నాడు.

పెర్లా తల ఎత్తి మొగుడి మొహంలోకి చూసింది.

"జరగమన్నానా?"

పెర్లా ఫోర్కు తీసుకుంది. పొడుగాటి పోగు ఒకటి చుట్టి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

జరగలేదు.